గుమ్మడి పిందెలు నిలవాలంటే

ప్రశ్న: మాది బెంగళూరు మారతహళ్లిలో నాలుగో అంతస్తు. బాల్కనీలో 20 లీటర్ల పెయింటు బకెట్లో చిన్న రకం గుమ్మడి విత్తనం పెట్టాను. తీగ గ్రిల్లంతా పాకింది. మొదట్లో అన్నీ ఉత్త పూలే. ఇప్పుడు గోలీకాయంత పిందెలు కనిపిస్తున్నాయి కానీ, పసుపెక్కి రాలిపోతున్నాయి. వర్మికంపోస్టు ఇంకా వేయమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా, ఎరువు సంచీ మూతి కట్టి పక్కన పెట్టండి. గ్రిల్లంతా పాకిన తీగకు ఆకలేమిటి? నత్రజని ఎక్కువైతే ఆకులే ఏపుగా వస్తాయి. మీ పాదుకు కరువైనవి తేనెటీగలు. నాలుగో అంతస్తుకు అవి వచ్చినా వస్తాయి, రాకపోయినా రావు. వాటినే నమ్ముకుంటే దప్పళంలోకి ముక్క దొరకదు.

గుమ్మడిలో మగ పూలు, ఆడ పూలు వేరువేరు. ముందు పూసేవి మగవి. మీరు ఉత్త పూలనుకున్నవి అవే. వాటికి సన్నని పొడవాటి కాడ ఉంటుంది. ఆడ పువ్వుకు రేకుల కిందే బుల్లి కాయ ఉంటుంది. పుప్పొడి అందకపోతే ఆ కాయే రాలిపోతుంది.

ఆ పుప్పొడి మీరే అందించాలి. పూలు తెల్లవారుతూనే విచ్చి, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటాయి. వంట ముగించుకుని వెళ్తానంటే కుదరదు. ఆరు, ఏడు గంటల మధ్య అప్పుడే విచ్చిన మగ పువ్వును కోసి రేకులు ఒలిచేయండి. మధ్యలో మిగిలిన పసుపు కాడను తాకితే వేలికి పొడి అంటాలి. అంటకపోతే ఇంకో పువ్వు చూసుకోండి. దాన్ని ఆడ పువ్వు నడుమ జిగటగా ఉండే బొడిపెలన్నిటి మీదా మెత్తగా రాయండి. ఒక ఆడ పువ్వుకు రెండు మగ పూలు వాడితే మరీ మంచిది. వానకు తడిసిన పువ్వు పనికిరాదు. మిగిలిన మగ పూలను శనగపిండిలో ముంచి బజ్జీలు వేయండి. మా ఇంట్లో కాయ కంటే వాటికే గిరాకీ.

బకెట్ ఇరుకే, అయినా ఇప్పుడు వేర్లు కదపకండి. రెండు మూడు కాయలు నిలిచాక తీగ కొస తుంచండి. ఎండాకాలంలో సాయంత్రం కూడా నీళ్లు పోయండి. వచ్చేసారి 40 లీటర్ల సంచిలో, కనీసం ఆరు గంటలు ఎండ తగిలే చోట పెట్టండి. విత్తనానికి మీ ఊళ్లోనే హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క సూర్యముఖి బాగుంటుంది. కాయ సుమారు కిలో తూగుతుంది. బరువు తీగ మీద పడకుండా పాత చీర ముక్కతో ఉయ్యాల కట్టండి.

ఆకుల మీద తెల్లటి పొడి కనిపిస్తే తుడిచి చూడండి. పోతే బూడిద తెగులు: ఒక వంతు పాలు, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ఎండ ఉన్నప్పుడు వారానికోసారి చల్లండి. పోకపోతే అవి ఆకుకు సహజంగా ఉండే మచ్చలే, వదిలేయండి.

కాడ ఎండి గట్టిపడి, తొక్కలోకి గోరు దిగనప్పుడు కాయ కోయండి. రెండంగుళాల కాడ ఉంచండి. అది ఊడితే కుళ్లు అక్కడే మొదలవుతుంది.