ఐపాడ్‌లోని పాటలు, ఫోన్‌లోని సబ్‌స్క్రిప్షన్

ప్రశ్న: నా ఐపాడ్ క్లాసిక్‌లో (ఆపిల్ వారి పాత మ్యూజిక్ ప్లేయర్) నాలుగు వేల పాటలున్నాయి. బ్యాటరీ నిలవడం లేదు. స్పాటిఫై లాంటి పాటల యాప్‌కు సబ్‌స్క్రిప్షన్ తీసుకుని ఫోన్‌లో వింటే ఈ పాటలన్నీ అక్కడికి వస్తాయా?

జవాబు: ఐపాడ్ నుంచి వాటంతటవే రావు, కానీ చాలావరకు ఆ యాప్‌లోనే దొరుకుతాయి. అయినా డబ్బు కట్టేముందు ఐపాడ్‌లోని ఫైళ్లను కంప్యూటర్‌లో దాచుకోండి. లోపలున్నది తిరిగే హార్డ్ డిస్క్, అది పోతే పాటలూ పోతాయి. కొత్త కంప్యూటర్‌కు కలిపినప్పుడు ఐట్యూన్స్ (ఐపాడ్‌లోకి పాటలు ఎక్కించే ఆపిల్ ప్రోగ్రామ్) ‘ఎరేజ్ అండ్ సింక్’ అని అడిగితే పొరపాటున కూడా ఒప్పుకోకండి, ఉన్నవన్నీ చెరిగిపోతాయి. ఐట్యూన్స్‌లో ‘ఎనేబుల్ డిస్క్ యూజ్’ టిక్ చేస్తే ఐపాడ్ పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. విండోస్‌లో హిడెన్ ఫైల్స్ కనిపించేలా పెట్టి, ‘ఐపాడ్ కంట్రోల్’ ఫోల్డర్‌లో ఉన్న ‘మ్యూజిక్’ ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేయండి. ఫైళ్ల పేర్లు అర్థంలేని నాలుగక్షరాల్లో ఉంటాయి. కంగారు పడొద్దు, పాట పేరూ గాయకుల పేరూ ఫైలు లోపలి ట్యాగుల్లో భద్రంగా ఉంటాయి. ఏ ప్లేయర్‌లో చేర్చినా అసలు పేర్లే కనిపిస్తాయి. ప్లేలిస్టులు మాత్రం ఇలా రావు, వాటిని విడిగా రాసిపెట్టుకోండి.

పాత ప్రైవేటు ఆల్బమ్‌లు, ఇంట్లో రికార్డు చేసుకున్నవి, క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్నవి యాప్‌లో వెతికినా సాధారణంగా దొరకవు. ఐపాడ్‌ను నిజంగా విలువైనదిగా చేసేవి అవే. వాటికి యూట్యూబ్ మ్యూజిక్ పనికొస్తుంది. కంప్యూటర్ బ్రౌజర్‌లో దాని సైట్ తెరిచి, ప్రొఫైల్ బొమ్మ నొక్కి ‘అప్‌లోడ్ మ్యూజిక్’ ఎంచుకుంటే లక్ష పాటల దాకా ఎక్కించుకోవచ్చు. వాటిని వినడానికి సబ్‌స్క్రిప్షన్ కూడా అక్కర్లేదు. ఎంపీ3, ఎం4ఏ, ఫ్లాక్ రకాల ఫైళ్లను తీసుకుంటుంది. ఐట్యూన్స్‌లో 2009కి ముందు కొన్న పాటలు కొన్ని ఎం4పీ రకంలో, కాపీ చేయకుండా తాళం వేసి ఉంటాయి. అవి ఎక్కవు.

ప్రశ్న: మొబైల్ డేటా ఎంత ఖర్చవుతుంది? డౌన్‌లోడ్ చేసుకుంటే పాటలు మనవేనా?

జవాబు: 320 కేబీపీఎస్ (సెకనుకు ఎంత డేటా వస్తుందో చెప్పే కొలత) నాణ్యతలో గంటకు దాదాపు 144 ఎంబీ, 96లో 43 ఎంబీ. అందుకే సెట్టింగుల్లో మొబైల్ డేటాకు తక్కువ నాణ్యత, డౌన్‌లోడ్‌కు ఎక్కువ నాణ్యత పెట్టి, వైఫై ఉన్నప్పుడే దించుకోండి. 320లో నాలుగు నిమిషాల పాటకు 10 ఎంబీ పడుతుంది కాబట్టి వెయ్యి పాటలకు సుమారు 10 జీబీ ఖాళీ ఉండాలి. డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోతుంటే ఆ యాప్‌కు బ్యాటరీ సేవర్ నుంచి మినహాయింపు ఇవ్వండి.

డౌన్‌లోడ్ అయినవి మాత్రం మీవి కావు. అవి ఆ యాప్‌లోనే మోగుతాయి, పాత ప్లేయర్‌లోకి ఎక్కవు. స్పాటిఫైలో అయితే 30 రోజులకోసారైనా ఫోన్‌ను నెట్‌కు కలపాలి. సబ్‌స్క్రిప్షన్ ఆపేస్తే డౌన్‌లోడ్‌లు పనిచేయవు.

ప్రశ్న: యాప్‌లో శబ్దం తక్కువగా అనిపిస్తోంది. ఫోన్ లోపమా?

జవాబు: కాదు. పాటలన్నీ ఒకే స్థాయిలో వినిపించాలని యాప్ పెద్ద శబ్దంతో ఉన్నవాటిని తగ్గిస్తుంది. యాప్ సెట్టింగుల్లో ‘నార్మలైజేషన్’ ఆపి చూడండి.

ప్రశ్న: పాత ప్లేయర్‌ను ఏం చేయాలి?

జవాబు: బాగుంటే సగం చార్జింగ్‌తో, వేడి తగలని చోట ఉంచండి. వెనక భాగం ఉబ్బినట్టుంటే ఇక చార్జింగ్ పెట్టకండి, చెత్తలో కూడా వేయకండి. ఈ-వేస్ట్ తీసుకునేవారికి అప్పగించండి.