బేస్ గిటార్‌కు 12 అంగుళాల క్యాబినెట్: చెక్క కొయ్యకముందే తేల్చుకోవాల్సినవి

అడిగిన ప్రశ్న: "తిరుపతిలో ఉంటాను. చర్చిలోనూ, అప్పుడప్పుడూ జాతర ఆర్కెస్ట్రాల్లోనూ నాలుగు తీగల బేస్ వాయిస్తాను. 200 వాట్ల హెడ్ (ఆంప్లిఫయర్) ఉంది, క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) లేదు. 12 అంగుళాల స్పీకర్ ఒకటి కొని, తెలిసిన వడ్రంగితో పెట్టె చేయించుకోవాలని ఉంది. ఎంత సైజు చెప్పాలి? 12 ఎంఎం ప్లై చాలా, 18 కావాలా?"

ఏ స్పీకర్ కొంటున్నారో తేలకుండా పెట్టె సైజు చెప్పడం కుదరదండీ. పాదం కొలవకుండా చెప్పు కుట్టినట్టు అవుతుంది. ముందు స్పీకర్ డేటాషీట్ చేతిలో పెట్టుకోండి. అందులో ఐదు అంకెలు చాలు: ఎఫ్ఎస్ (స్పీకర్ తనంతట తాను మోగే ఫ్రీక్వెన్సీ), క్యూటీఎస్ (ఆ మోగుడు ఎంత త్వరగా అణుగుతుందో), వీఏఎస్ (కోన్, అంటే ముందూ వెనకా కదిలే గరాటు, దాని బిగువుకు సమానమైన గాలి), ఎక్స్‌మ్యాక్స్ (కోన్ ఒక్కో వైపు ఎంత కదలగలదో), సెన్సిటివిటీ (ఒక వాటుకు ఎంత మోత ఇస్తుందో). ఈ అంకెలు ఇవ్వని స్పీకర్ ఎంత చవకగా వచ్చినా వదిలేయండి. దానికి పెట్టె కట్టడమంటే గుడ్డిగా కట్టడమే.

బేస్ గిటార్‌కు పనికొచ్చే 12 అంగుళాల స్పీకర్‌కు ఎఫ్ఎస్ 45 నుంచి 50 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.33 నుంచి 0.38, వీఏఎస్ 60 నుంచి 80 లీటర్లు, ఎక్స్‌మ్యాక్స్ కనీసం 4 మిల్లీమీటర్లు, సెన్సిటివిటీ 95 డెసిబెల్స్ పైన ఉంటే నేను కింద ఇచ్చే కొలతలు అతికినట్టు సరిపోతాయి. క్యూటీఎస్ 0.5 దాటితే, మనం చేయబోయే పైపులున్న పెట్టెలో (ముందు పలకకు గాలి పైపులు పెట్టినది) ఒక్క స్వరం దగ్గర బుంయ్‌మని ఉబ్బుతుంది. అలాంటిదానికి మూసిన పెట్టే మేలు.

ఇక్కడ ఎక్కువమంది రెండు చోట్ల పొరబడతారు. ఒకటి, కారు సబ్‌వూఫర్ కొనడం. దాని సెన్సిటివిటీ 88 దగ్గర ఉంటుంది. 97 ఉన్న స్పీకర్‌తో పోలిస్తే 9 డెసిబెల్స్ తక్కువ. ప్రతి 3 డెసిబెల్స్‌కూ పవర్ రెట్టింపు కావాలి కాబట్టి, అదే మోత రావాలంటే ఎనిమిది రెట్ల వాట్లు పెట్టాలి. పైగా వేళ్ల స్పష్టత వినిపించే మధ్య స్వరాలు అందులో రావు. రెండోది, సౌండ్ సిస్టమ్ బాక్సుల్లో వాడే మిడ్ స్పీకర్ కొనడం. మోత బాగానే ఉంటుంది గానీ కోన్ ముందుకూ వెనక్కూ ఎక్కువ కదలలేదు. అదే మోతను ఒక ఆక్టేవ్ కింద, అంటే సగం ఫ్రీక్వెన్సీ దగ్గర, ఇవ్వాలంటే కోన్ నాలుగింతలు కదలాలి. దాని మీద "350 వాట్లు" అని రాసి ఉన్నా, అది కాయిల్ ఎంత వేడి తట్టుకుంటుందో చెప్పే అంకె మాత్రమే. కదలిక హద్దు అంతకు చాలా ముందే వచ్చేస్తుంది, కోన్ టపటపా కొట్టుకుంటుంది.

స్పీకర్ 8 ఓమ్‌లది (ఓమ్‌లంటే కరెంటుకు అది ఇచ్చే అడ్డు) తీసుకోండి. 4 ఓమ్‌ల దగ్గర 200 వాట్లని రాసిన హెడ్ 8 ఓమ్‌ల మీద సగానికి కాస్త ఎక్కువ ఇస్తుంది. చిన్న హాలుకు అది చాలు. రేపు ఇంకో 8 ఓమ్‌ల పెట్టె కట్టి పక్కన కలిపితే మొత్తం 4 ఓమ్‌లవుతుంది, హెడ్ పూర్తి బలం బయటికొస్తుంది. మొదటే 4 ఓమ్‌లది కొంటే ఆ దారి మూసుకుపోయినట్టే.

అన్నిటికన్నా కింది స్వరం పలికే లో-ఈ తీగ 41.2 హెర్ట్జ్ కాబట్టి పెట్టె కూడా అంత కిందికి దిగాలని పట్టుబట్టకండి. చిన్న పెట్టె, ఎక్కువ మోత, బాగా కింది స్వరం, ఈ మూడూ ఒకే చోట దొరకవు. ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. బేస్‌లో మనం "ఈ" అని పోల్చుకునేది చాలామటుకు దాని రెండో హార్మోనిక్ (దాంతోపాటే మోగే రెట్టింపు ఫ్రీక్వెన్సీ స్వరం) 82 దగ్గరే. 50 హెర్ట్జ్ దగ్గర ట్యూన్ చేసిన పెట్టె, అంటే పైపుల్లో గాలి ఆ స్వరానికి మోగేలా కట్టినది, నాలుగు తీగలకు నిండుగానే వినిపిస్తుంది.

ఇక కొలతలు. లోపలి వెడల్పు 380, ఎత్తు 440, లోతు 320 మిల్లీమీటర్లు. గుణిస్తే 53.5 లీటర్లు. ఇందులో స్పీకర్ మ్యాగ్నెట్, పైపులు, మూల బద్దెలు, అడ్డ బద్దె కలిసి సుమారు ఐదున్నర లీటర్లు తినేస్తాయి, మిగిలేది 48. వడ్రంగికి "లోపలి కొలత" అని రెండుసార్లు చెప్పి, కాగితం మీద గీసి ఇవ్వండి. వాళ్లకు అల్మరాల పని అలవాటు, పై కొలతే తీసుకుంటారు. అలా తీసుకుంటే 48 లీటర్లు కాస్తా 34కు పడిపోతాయి, అవే పైపులతో ట్యూనింగ్ 50 నుంచి 59కి ఎక్కుతుంది. చూడ్డానికి పెట్టె అలాగే ఉంటుంది, కింది స్వరాలు మాత్రం ఉండవు.

18 ఎంఎం ప్లైలో కోయాల్సిన ముక్కలు ఆరు:
పైన, కింద: 416 × 376, రెండు.
పక్కలు: 440 × 376, రెండు.
ముందు పలక, వెనక పలక: 380 × 440, రెండు.

లోతు 376 ఎందుకంటే, లోపలి 320కి రెండు పలకల మందం 36, ముందు జాలీ కూర్చోవడానికి 20 కలిపాను. ఈ ఆరూ 4 × 4 అడుగుల ముక్కలో సరిపోతాయి, బద్దెలకు కూడా కాస్త మిగులుతుంది. కాబట్టి 8 × 4 షీటు మొత్తం కొననక్కర్లేదు, షాపులో సగం కోసిస్తారేమో అడగండి. కోతకు ముందు ప్లై నిజంగా 18 ఉందో లేదో స్కేలు పెట్టి చూడండి. మందం తక్కువుంటే పైనా కిందా వచ్చే ముక్కల వెడల్పు ఆ మేరకు తగ్గించాలి, లేకపోతే ముందు పలక వదులవుతుంది.

12 ఎంఎం చాలా అన్నారు. అడ్డ బద్దెలు బాగా వేస్తే చాలుతుంది, బరువు మూడో వంతు తగ్గుతుంది. కానీ మొదటి పెట్టెకు 18 వేయండి, మూల జాయింట్లలో స్క్రూలు నిలుస్తాయి. ఐఎస్ 710 (మెరైన్ ప్లై ప్రమాణం) ముద్ర ఉన్న ప్లై తీసుకోవడం మంచిది. చవక రకం పొరల మధ్య ఖాళీలుంటాయి, ఒక స్వరం దగ్గర అవి జుర్రుమంటాయి, ఆ చప్పుడు ఎక్కడిదో వెతకడం నరకం. కొనేటప్పుడు అంచులు నాలుగు వైపులా చూడండి, వేలితో తట్టుతూ పోండి. బోలుగా పలికితే వద్దు. ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసే పలక) మాత్రం వద్దే వద్దు. బరువెక్కువ, స్క్రూ రెండోసారి తిప్పితే పిండిలా రాలుతుంది. కార్తీకంలో వానలు పట్టినప్పుడు తడి నేల మీద ఒక్క రాత్రి పెడితే అడుగు ఉబ్బుతుంది.

ముందు పలక మీద స్పీకర్ కేంద్రం పై అంచు నుంచి 170 దగ్గర, వెడల్పుకు నడిమధ్య. కోత వ్యాసం డేటాషీట్‌లో చూసి వేయండి, సాధారణంగా 280 చుట్టుపక్కల ఉంటుంది. కింద రెండు మూలల్లో 75 ఎంఎం పీవీసీ పైపులు రెండు. వాటి కేంద్రాలు పక్క అంచు నుంచి 70, కింది అంచు నుంచి 60. ఒకే 110 ఎంఎం పైపు పెడదామంటే స్పీకర్ ఫ్రేంకూ కింది అంచుకూ మధ్య చోటు చాలదు, అందుకే రెండు చిన్నవి.

పైపు పొడవు లెక్క ఇదీ. లోపలి వ్యాసం సెంటీమీటర్లలో 7. దాని వర్గాన్ని 23,562తో, పైపుల సంఖ్య 2తో గుణించి, ట్యూనింగ్ వర్గం × లీటర్లతో భాగించి, వచ్చినదాంట్లోంచి వ్యాసం × 0.732 తీసేయాలి. 50 హెర్ట్జ్‌కు 14.1 సెంటీమీటర్లు, 45కు 18.6. ఈ పొడవులో ముందు పలక మందం కూడా కలిసే ఉంది. మొదట 19 సెంటీమీటర్లు కోసి, అతికించకుండా బిగువుగా దూర్చి ఉంచండి. పైపు వెనక కొస కింది పలకకు దగ్గరగా ఉండటం వల్ల అసలు ట్యూనింగ్ లెక్క కన్నా కాస్త కిందికి వస్తుంది. కొలిచి చూసి, కొంచెం కొంచెంగా కోసుకుంటూ రావాలి. కోసినది మళ్లీ అతకలేం.

జాయింట్లకు ఫెవికాల్ ఒక్కటే నమ్ముకోవద్దు. నల్ల రంగు వేసిన పెట్టె మే నెలలో గంగ జాతర ఎండలో ఆటో వెనక గంటసేపు ఉంటే జిగురు మెత్తబడి అతుకు కదులుతుంది. జిగురుతో పాటు ప్రతి 10 సెంటీమీటర్లకు 40 ఎంఎం స్క్రూ, దానికి ముందు 3 ఎంఎం బెజ్జం. బెజ్జం లేకుండా అంచులోకి స్క్రూ దింపితే ప్లై పొరలు విచ్చుకుంటాయి. లోపల ముందూ వెనకా 20 × 20 బద్దెలు చుట్టూ జిగురుతో వేసి, వాటి మీద రెండు పలకలూ అతికించేయండి. స్పీకర్ ముందు నుంచే బిగుస్తుంది కాబట్టి వెనక పలక ఊడేలా పెట్టాల్సిన పని లేదు. ఊడే పలకలే రేపు గాలి కారే చోట్లు. పక్క పలకలు రెంటినీ కలుపుతూ ఒక 40 × 20 అడ్డ బద్దె వేయండి. సరిగ్గా మధ్యలో వేస్తే రెండు సగాలూ ఒకే స్వరానికి మోగుతాయి, నాలుగైదు సెంటీమీటర్లు పక్కకు జరపండి. మ్యాగ్నెట్‌కు తగలకుండా చూసుకోండి. జిగురు పెట్టాక ఒక రోజు బిగింపు కదపవద్దు. తర్వాత లోపలి మూలలన్నిటి వెంటా ఇంకోసారి జిగురు వేలితో పూయండి.

స్పీకర్ బిగించడానికి చెక్క స్క్రూలు కాదు, టీ-నట్లు (పలక వెనక నుంచి చెక్కలో దిగే రెక్కల నట్లు), బోల్టులు. ఫ్రేం బెజ్జాన్ని బట్టి ఎం5 గానీ ఎం6 గానీ. చెక్క స్క్రూ మూడుసార్లు ఊడదీస్తే వదులైపోతుంది. డ్రిల్ మిషన్ జారి కోన్‌కు చిల్లు పడే ప్రమాదం వేరే. టీ-నట్ రెక్కలకు మాత్రమే అరల్డైట్ రాయండి, మరల్లోకి పోతే బోల్టు ఎక్కదు. పై అంచు దగ్గర మూల బద్దెకూ బోల్టుకూ మధ్య చోటు తక్కువ. అందుకని నడినెత్తిన బోల్టు రాకుండా స్పీకర్‌ను రెండు బెజ్జాల మధ్య ఎడంలో సగం మేర తిప్పి గుర్తు పెట్టుకోండి. బిగించే ముందు పెట్టె లోపల ఇనుప రజను లేకుండా దులపాలి. ఒక్క తునక మ్యాగ్నెట్ సందులోకి పోయినా కాయిల్ గీరుకుంటుంది. ఫ్రేం కింద తలుపులకు అంటించే ఫోమ్ టేపు చుట్టూ వేసి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ఒకవైపే లాగితే ఫ్రేం వంగుతుంది.

లోపల వెనక పలకకూ, ఒక పక్కకూ, పై పలకకూ దిండ్లలో పెట్టే పాలిస్టర్ దూది 25 ఎంఎం మందాన అతికిస్తే చాలు. పైపుల వెనక కొసల దగ్గర వద్దు. పెట్టె నిండా కుక్కితే మూసిన పెట్టెకు పనికొస్తుందేమో గానీ దీనికి నష్టమే.

వెనక సాకెట్ స్పీకాన్ (తిప్పి బిగించే స్పీకర్ కనెక్టర్) పెట్టండి, 1+ ఎరుపు, 1− నలుపు. పీ-38 జాక్ (గిటార్ కేబుల్ కొసకుండే లావుపాటి పిన్ను రకం) వద్దంటాను, ఎందుకంటే పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ క్షణకాలం షార్టవుతుంది, హెడ్ ఆన్‌లో ఉంటే దానికి ముప్పు. లోపలి వైరు 1.5 చదరపు ఎంఎం సరిపోతుంది. గిటార్ కేబుల్‌ను హెడ్‌కూ క్యాబినెట్‌కూ మధ్య ఎప్పుడూ వాడకండి, అది సన్నటి తీగ, వేడెక్కుతుంది. వైరింగ్ అయ్యాక 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్ ఎరుపుకు తగిలిస్తే కోన్ బయటికి రావాలి. లోపలికి పోతే వైర్లు తారుమారు. ఒక్క పెట్టె ఉన్నప్పుడు తేడా తెలియదు, రెండోది పక్కన పెట్టిన రోజు బేస్ మాయమవుతుంది. స్పీకాన్, టీ-నట్లు, మూల కప్పులు తిరుపతిలో దొరక్కపోతే చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లో ఒక్క పూటలో అన్నీ అయిపోతాయి.

ఇప్పుడు ట్యూనింగ్ కొలవడం. చాలామంది ఇది వదిలేస్తారు, సగం ఫలితం ఇందులోనే ఉంది. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసి హెడ్‌కు ఇవ్వండి. హెడ్‌కూ స్పీకర్‌కూ మధ్య 100 ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి, స్పీకర్ కొసల మీద మల్టీమీటర్ ఏసీ వోల్ట్‌లలో ఉంచండి. వాల్యూమ్ తక్కువే. 25 నుంచి 100 హెర్ట్జ్ దాకా ఒక్కొక్కటే పెంచుతూ వోల్టేజీ రాసుకోండి. రెండు చోట్ల ఎక్కి మధ్యలో ఒక లోయ వస్తుంది. ఆ లోయ అడుగే పెట్టె ట్యూనింగ్. 44 వస్తే పైపులు రెంటినీ సమానంగా సెంటీమీటరు తగ్గించి మళ్లీ చూడండి. 49, 50 మధ్య ఆగి, అప్పుడు అరల్డైట్ పెట్టండి. రెండు పైపుల ముందు అంచులనూ ఆకురాయితో, ఎమ్రీ కాగితంతో గుండ్రంగా చేయాలి, పదునుగా ఉంటే గట్టిగా వాయించినప్పుడు గాలి ఉస్సుమంటుంది.

తర్వాత రెసిస్టర్ తీసేసి, అదే 50 హెర్ట్జ్ ఓ మోస్తరు వాల్యూమ్‌లో పెట్టి, అగరుబత్తి పొగను జాయింట్ల వెంట, సాకెట్ చుట్టూ, ఫ్రేం చుట్టూ తిప్పండి. ట్యూనింగ్ దగ్గర లోపలి ఒత్తిడి ఎక్కువ కాబట్టి సందు ఎక్కడున్నా పొగ వణుకుతుంది. ఎక్కువసార్లు దొరికేది సాకెట్ దగ్గరే.

వాడకంలో గుర్తుంచుకోవాల్సింది: 50 కిందికి పోయేకొద్దీ పైపులున్న పెట్టెలో కోన్‌కు గాలి ఆసరా పోతుంది. హెడ్‌లో బేస్ నాబ్ పూర్తిగా తిప్పి లో-ఈ బాదితే కోన్ హద్దు దాటుతుంది. 30, 35 హెర్ట్జ్‌కు కింద ఉన్నవాటిని కోసేసే హై-పాస్ ఫిల్టర్ హెడ్‌లో ఉంటే ఎప్పుడూ ఆన్‌లో పెట్టండి, లేకపోతే పెడల్ రూపంలో కొనండి. మీరు అయిదు తీగల బేస్‌కు మారితే, 31 హెర్ట్జ్ దగ్గరుండే బి తీగకు ఈ పెట్టె చాలదు.

జాతర స్టేజీలు బోలు బల్లలే కాబట్టి పెట్టెను నేరుగా వాటి మీద పెడితే బల్లలే మోగుతాయి, స్వరం బురదలా అవుతుంది. కింద 50 ఎంఎం గట్టి ఫోమ్ వేసి, ముందు వైపు కాస్త ఎత్తి మీ చెవి వైపు తిప్పండి. చర్చి హాల్లో గోడ మూలకు నెడితే కింది స్వరాలు దండిగా వస్తాయి గానీ ముద్దగా ఉంటాయి. అరడుగు, అడుగు చొప్పున ముందుకు జరుపుతూ వినండి.

స్పీకర్ మోడల్ తేలాక ఆ ఐదు అంకెలూ ఇక్కడే రాయండి. లీటర్లు మారాల్సి వస్తే పైపు పొడవుతో సహా లెక్కేసి చెబుతాను.