‘మన ఇంట్లో మనకు జీతమేంటమ్మా’ అంటున్నారు మామగారు

ప్రశ్న: మాది ఇంటిల్లిపాదీ కలిసి నడుపుకునే డెయిరీ. పశువుల పని, పాలు పితకడం మావారిది. మరిది బండి మీద ఇళ్లకు వేసి వస్తాడు. పాలతోపాటు చుట్టుపక్కల రైతుల దగ్గర కొన్న సరుకులు కూడా ఇవ్వడం అతని ఆలోచనే. సీసాలు కడిగి నింపడం, ఆర్డర్లు, ఫోన్లు, నెలాఖరు లెక్కలు నావి. తెల్లవారుజామున 3 గంటలకే లేస్తాను. డబ్బంతా మామగారి చేతికి వెళ్తుంది. పిల్లాడి చెప్పులకైనా ఆయన్నే అడగాలి. నెలకింత ఇవ్వమంటే ‘మన ఇంట్లో మనకు జీతమేంటమ్మా’ అన్నారు. సరుకులు పెంచుదామని మరిది, వద్దని మామగారు రోజూ పితికే వేళకే షెడ్డులో గొడవ. మావారు నోరు విప్పరు. వేరుపడితే మేలా?

జవాబు: వేరుపడితే మీ చేతికి డబ్బు వస్తుంది, నిజమే. విశ్రాంతి మాత్రం రాదు. సగం పశువులే మీ వాటాకు వచ్చినా రోజూ రెండు పూటలా పితకాల్సిందే. సగం ఇళ్లే అయినా తెల్లారేసరికి పాలు చేరాల్సిందే. ఇప్పుడు నలుగురు పంచుకుంటున్న పని అప్పుడు మీ ఇద్దరి మీద పడుతుంది. మీవారికి జ్వరం వస్తే పితికేదెవరు, బండి తీసేదెవరు? మీ ఉత్తరం చదివితే నాకు వేరు కాపురం కోరిక కనిపించలేదు. మీ పనికి ఒక లెక్క, ఎవర్నీ అడక్కుండా ఖర్చుపెట్టుకునే డబ్బు, కాస్త నిద్ర. మీరు అడుగుతున్నది ఇదే.

మామగారి మాటలో చెడు ఉద్దేశం ఉందనుకోను. ఆయనకు ఇల్లూ డెయిరీ ఒకటే. వచ్చిందంతా ఒకే పెట్టెలో పడుతుంది, దాణాకైనా చెప్పులకైనా అందులోంచే తీస్తారు. చిక్కు అక్కడే ఉంది. రేపు మీరు నెల రోజులు ఇంట్లో లేకపోతే సీసాలకీ లెక్కలకీ మనిషిని పెట్టుకుంటారు, జీతమూ ఇస్తారు. ఇవాళ ఆ జీతం ఎవరికీ ఇవ్వడం లేదు కాబట్టి అది లాభంలా కనిపిస్తోంది. బహుశా ఆ లాభం చూసుకునే మీ మరిది ఇంకా పెంచుదాం అంటున్నాడు. మీ బాధా, వాళ్లిద్దరి గొడవా వేర్వేరని నేననుకోవడం లేదు.

అందుకే ‘నాకు జీతం కావాలి’ అని కాకుండా ‘డెయిరీ లెక్క వేరుగా, ఇంటి లెక్క వేరుగా రాద్దాం’ అని మొదలుపెట్టండి. పుస్తకం ఎలాగూ మీ చేతిలోనే ఉంది. ఒక నెల పాటు దాణా, గడ్డి, మందులు, పెట్రోలు, కరెంటు, పగిలిన సీసాలు, వసూలు కాని బాకీలు, అన్నీ ఎక్కించండి. వాటి కింద ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో రాయండి. మామగారివి కూడా రాయండి, మీకు అవి పనిలా అనిపించకపోయినా సరే. పాల లెక్క, సరుకుల లెక్క కలపొద్దు. పాలు నాగా అయితే ఆ రోజుది తీసేస్తారు గానీ, మిగిలిపోయి పాడైన సరుకు చాలాసార్లు ఏ పుస్తకంలోకీ ఎక్కదు. సరుకులు పెంచాలా వద్దా అన్నది ఆ కాగితం చూశాక మాట్లాడుకోవచ్చు.

నెలకింత అన్నప్పుడు పెద్ద మొత్తానికి పట్టుబట్టకండి. ఆవు ఈనడానికి ముందు సుమారు 60 రోజులు పాలు పితకకుండా వదిలేస్తారు, మేత మాత్రం మామూలే. రెండు మూడు ఒకేసారి వట్టిపోయిన నెలల్లో మామగారు చేయి బిగిస్తే అది పిసినారితనం కాదు. చిన్నదైనా ఏ నెలా తప్పని మొత్తం, నలుగురికీ, ఎవరి బ్యాంకు ఖాతాలోకి వాళ్లకి. మిగిలింది ఏడాదికోసారి పంచుకోండి. మీ ఒక్కరికే అడిగితే కోడలి కోరిక అనుకుంటారు. నలుగురికీ అడిగితే మరిది కూడా మీ వైపు రావచ్చు, అతని జేబూ ఖాళీయే కదా!

ఇక షెడ్డులో గొడవ. దీన్ని వెంటనే ఆపించండి, మామగారికి సులువుగా అర్థమయ్యే కారణం ఉంది. పొదుగు కడిగి, చన్నులు తుడిచాక ఆవు ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై పాలు చేపుకొస్తాయి. దాని ప్రభావం కొద్ది నిమిషాలే. ఆ కాసేపట్లో అరుపులకు బెదిరిందా, పాలు ఎగచేపేస్తుంది. పితికే మనిషి ఎంత ప్రయత్నించినా సరిగా రావు. డబ్బు మాటలు మధ్యాహ్నం, రెండు పూటల పనికీ మధ్య పెట్టుకోండి. రాత్రి అసలొద్దు. 3 గంటలకు లేచే మనిషికి 7 గంటల నిద్ర కావాలంటే 8కే పడుకోవాలి. డెయిరీకి వేరే ఫోన్ నంబరు తీసుకుని సాయంత్రం ఒక వేళ దాటాక ఆర్డర్లు ఆపేయండి. మీ సొంత నంబరుకు అర్ధరాత్రి ‘రేపు అర లీటరు ఎక్కువ’ అని మెసేజ్ వస్తుంటే టెన్షన్ తగ్గేదెలా?

వారంలో ఒక ఉదయం మీ పని మరిది చేసేలా ఒప్పించండి. ఆ పూట బండి మీవారు తీస్తారు. ఏ ఇంటికి ఎన్ని సీసాలు, ఎవరు నాగా చెప్పారు, ఎవరి గేటుకు సంచి తగిలించాలి, ఇదంతా ఇప్పుడు మీ తలలోనే ఉంది. కాగితం మీద పెట్టి అతనికివ్వండి. మీరు ఎంత పని చేస్తున్నారో విడిగా చెప్పుకోనక్కర్లేదు.

మీవారి సంగతి. తండ్రి ముందు డబ్బు మాట ఎత్తడం చాలామంది కొడుకులకు ఎదురుతిరిగినట్టే ఉంటుంది. మీ తరఫున వాదించమని అడగకండి. ‘నాన్నా, ఈ లెక్క నాకూ కావాలి’ అని ఒక్క మాట అంటే చాలు, మిగతాది పుస్తకం చూపించి మీరు మాట్లాడొచ్చు. ఆ ఒక్క మాటా అననంటే మాత్రం ముందు మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి, డెయిరీ సంగతి తర్వాత.

లెక్క చూశాక కూడా మామగారు ససేమిరా అంటే, ఫలానా తేదీ నుంచి లెక్కలూ ఫోన్లూ నేను చూడను, మనిషిని పెట్టుకోండి అని నెల ముందే మర్యాదగా చెప్పండి. అప్పటికీ కలిసి ఉండటం కష్టమనిపిస్తే వంటగది వేరు చేసుకోండి, డెయిరీ ఉమ్మడిగానే ఉంచండి. ఎవరి వాటా ఎంతో మాత్రం ముందే కాగితం మీద రాసుకుని నలుగురూ సంతకాలు పెట్టండి.