అడవి ఎక్కువ, ఆదాయం తక్కువ: స్కమేనియా కౌంటీ సంగతులు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్ నగరంలో ఉంటున్నాడు. మేము వెళ్లినప్పుడు కొలంబియా నది వెంబడి తూర్పువైపు కారులో తీసుకువెళ్లాడు. స్కమేనియా కౌంటీ (మన జిల్లా వంటిది) అన్న బోర్డు దాటాక చాలాసేపు అడవి, అక్కడక్కడా చిన్న ఊళ్లు తప్ప మరేమీ కనిపించలేదు. ఇంత తక్కువమంది ఉన్నచోట ప్రత్యేకంగా ఒక కౌంటీ ఎందుకు ఏర్పడింది? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు చూసింది కౌంటీలో జనసమ్మర్దం ఉన్న భాగమే. సుమారు 4,300 చదరపు కిలోమీటర్ల నేలలో 2020 జనగణన నాటికి 12,036 మంది ఉండగా, వారిలో చాలామంది నది ఒడ్డునో, నదిలో కలిసే వాగుల లోయల్లోనో నివసిస్తున్నారు. మిగిలినదంతా కొండలూ, డగ్లస్ ఫర్ చెట్లూ. పాలనా కేంద్రమైన స్టీవెన్సన్ జనాభా కూడా పదిహేను వందలకు అటూ ఇటూ ఉంటుంది.

అయితే ఈ కౌంటీ రాష్ట్రం కంటే పాతది. వాషింగ్టన్‌కు రాష్ట్ర హోదా 1889లో వచ్చింది. స్కమేనియాను క్లార్క్ కౌంటీ నుంచి విడదీసి 1854 మార్చిలోనే ఏర్పాటు చేశారు. అప్పటికి అక్కడ ప్రాముఖ్యం అడవికి కాదు, నదికి. కాస్కేడ్ పర్వతాలను చీల్చుకుంటూ వచ్చే కొలంబియా నది అక్కడ పెద్ద రాళ్ల మధ్య సుళ్లు తిరుగుతూ పారేది కనుక పడవలు ముందుకు సాగలేకపోయేవి. సరుకును ఒడ్డుకు దించి, కొన్ని మైళ్లు నేలమీద మోయించి, మళ్లీ పడవల్లోకి ఎక్కించవలసి వచ్చేది. ఆ దారి ఎవరి చేతిలో ఉంటే వ్యాపారం వారి చేతిలో ఉన్నట్టే. తరతరాలుగా అక్కడ సాల్మన్ చేపలు పడుతూ, ఆ దారిమీద పట్టు నిలుపుకున్నవారు కాస్కేడ్స్ తెగవారు. తెల్లవారి వలస, 1855 నాటి ఒప్పందాలు ఆ పట్టును లాగేసుకున్నాయి. 1856 మార్చిలో అక్కడి తెల్లవారి స్థావరాలపై స్థానిక తెగలు దాడి చేశాయి. అమెరికా సైన్యం దాన్ని అణచివేసి, తొమ్మిదిమంది కాస్కేడ్స్ పురుషులను ఉరితీసింది. ఆ సైనికుల్లో అప్పటికి లెఫ్టినెంట్‌గా ఉన్న ఫిలిప్ షెరిడాన్ తర్వాత అంతర్యుద్ధంలో పేరుమోసిన సేనాని అయ్యాడు. స్థానిక చరిత్ర పుస్తకాలు ఆయన పేరును గుర్తుపెట్టుకున్నంతగా ఉరికంబం ఎక్కినవారిని గుర్తుపెట్టుకోలేదు.

మొదటి పాలనా కేంద్రం కాస్కేడ్స్ అనే ఊరే. 1893లో కచేరీ భవనం అద్దె విషయంలో తగాదా రాగా, కొందరు రాత్రికి రాత్రి రికార్డులన్నీ స్టీవెన్సన్‌కు తరలించారని అక్కడివారు చెప్పుకుంటారు. ఎదుటి ఒడ్డున ఓరెగాన్ వైపు 1896లో పడవలు దాటేందుకు లాకులు కట్టాక మోతదారికి పని తగ్గింది. 1908లో ఉత్తర ఒడ్డున రైలు వచ్చింది. 1938 నాటికి బానవిల్ ఆనకట్ట నీటిలో ఆ సుళ్లే మునిగిపోయాయి. నది మీద బతికిన కౌంటీ అడవి మీద బతకడం మొదలుపెట్టింది.

ప్రశ్న: అంత అడవి ఉన్నప్పుడు కౌంటీకి డబ్బుకు లోటు ఎందుకు? – అదే పాఠకురాలు

జవాబు: అడవి కౌంటీది కాదు కనుక. నేలలో సుమారు ఎనభై శాతం గిఫర్డ్ పిన్‌షో జాతీయ అటవీప్రాంతం, అంటే ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ ఆస్తి. అమెరికాలో కౌంటీలకు ప్రధాన ఆధారం ఆస్తిపన్ను. ఫెడరల్ భూమిపై ఆ పన్ను వేయడానికి వీల్లేదు. ఈ లోటు పూడ్చడానికి 1908లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చేసిన చట్టం ప్రకారం, జాతీయ అటవీప్రాంతం మీద వచ్చిన రాబడిలో నాలుగోవంతు ఆయా కౌంటీల రోడ్లకూ, బడులకూ దక్కుతుంది. ఇందులో చిక్కు ఏమిటంటే, రాబడిలో సింహభాగం కలప వేలం నుంచే వచ్చేది. చెట్లు ఎంత కొడితే బడికి అంత డబ్బు. ఎనభై ఏళ్లపాటు ఈ లెక్క బాగానే నడిచింది కనుక దాన్ని ఎవరూ ప్రశ్నించలేదు.

ఆ రోజుల్లో అడవి పని ఎలా ఉండేదో తెలియాలంటే బ్రాటన్ కంపెనీ వారి కాలువను చూడవలసింది. విల్లార్డ్ దగ్గరి కొండమీద మిల్లులో దుంగలను మోటుగా దూలాలుగా కోసి, V ఆకారపు చెక్క తొట్టి వంటి కాలువలో వదిలేవారు. ఎత్తైన కొయ్యస్తంభాల మీద, కొండ అంచుల వెంబడి, సుమారు తొమ్మిది మైళ్లు నీటితో కొట్టుకొచ్చి ఆ దూలాలు నది ఒడ్డున ఉన్న మరో మిల్లుకు చేరేవి. అక్కడ వాటిని నునుపు చేసి రైలుకెక్కించేవారు. కాలువ పక్కన వేసిన సన్నని పలకల మీద నడుస్తూ, ఎక్కడ దూలం అడ్డం తిరిగితే అక్కడ గెడకర్రతో సరిచేయడానికి మనుషులు ఉండేవారు. అమెరికాలో ఇటువంటి కాలువల్లో చివరిదైన ఇది 1986లో ఆగిపోయింది.

ఆ సంవత్సరం గమనించండి. పాత అడవుల్లో బతికే మచ్చల గుడ్లగూబను అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చింది 1990లో. పాత అడవులను కాపాడే వాయవ్య అటవీ ప్రణాళిక వచ్చింది 1994లో. గుడ్లగూబే ఉద్యోగాలు తినేసిందన్న మాట ఆ ప్రాంతంలో ఇప్పటికీ వినిపిస్తుంది కానీ, అది సగం నిజమే. యంత్రాలు పెరిగి మనుషుల అవసరం తగ్గడం, 1980ల మొదట్లో ఇళ్ల నిర్మాణం కుప్పకూలి కలప ధర పడిపోవడం అంతకు ముందే మిల్లులను దెబ్బతీశాయి. అయితే ఉద్యోగాలు క్రమంగా తగ్గాయి, ఖజానా మాత్రం ఒక్కసారిగా కుంగింది. ఫెడరల్ కలప వేలం దాదాపు నిలిచిపోవడంతో కౌంటీ వాటా కూడా పోయింది. అక్కడివారి కోపాన్ని అర్థం చేసుకోవడానికి ఈ తేడా ముఖ్యం.

ఆ తర్వాత కాంగ్రెస్ తాత్కాలిక సాయంతో సరిపెడుతూ వచ్చింది. 1993లో గుడ్లగూబ ప్రభావిత కౌంటీలకు ఏటేటా తగ్గే చెల్లింపులు ఏర్పాటు చేశారు. 2000లో గ్రామీణ పాఠశాలల భద్రత పేరిట వచ్చిన చట్టం, 1986–1999 మధ్య అత్యధికంగా వచ్చిన మూడేళ్ల సగటును లెక్కగా తీసుకుంది. గడువు ముగిసిన ప్రతిసారీ మళ్లీ పొడిగించేదాకా, వచ్చే ఏడాదికి ఎందరు ఉపాధ్యాయులను ఉంచుకోగలమో తెలియక బడుల పాలకమండళ్లు తలపట్టుకోవలసిందే. చెట్టుకూ బడికీ ముడి తెంచడం మంచిదే; దానికి బదులు బడిని వాషింగ్టన్ డీసీలోని బడ్జెట్ బేరాలకు ముడిపెట్టడం మంచి పరిష్కారమని మాత్రం నేననుకోను.

ఇక పర్యాటకం. 1980 మే 18న పేలి 57 మందిని బలిగొన్న సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం ఈ కౌంటీలోనే ఉంది. కానీ దాన్ని చూడవచ్చేవారిలో ఎక్కువమంది పడమటి హైవే మీదుగా కౌలిట్జ్ కౌంటీ నుంచి వస్తారు కనుక భోజనాలు, పెట్రోలు, బస ఖర్చులు అక్కడే పెడతారు. స్టీవెన్సన్ వైపు నుంచి వెళ్లేవి అటవీ రోడ్లు, చలికాలంలో మంచుతో మూతపడతాయి. నదీలోయను కాపాడటానికి 1986లో చేసిన ఫెడరల్ చట్టం అక్కడ కట్టడాలపై గట్టి ఆంక్షలు పెట్టింది. పరిహారంగా వాషింగ్టన్ వైపు ఒక సమావేశ కేంద్రానికి నిధులు ఇవ్వగా, ఆ డబ్బు ఊతంతో 1993లో స్టీవెన్సన్‌లో స్కమేనియా లాడ్జ్ వచ్చింది. మీ అబ్బాయి ఉండే వాంకూవర్‌కూ, పోర్ట్‌లాండ్‌కూ రోజూ ఉద్యోగానికి వెళ్లివచ్చేవారు కూడా కౌంటీలో చాలామంది ఉన్నారు.

ప్రశ్న: అక్కడ కలెక్టర్ వంటి అధికారి ఉంటారా? పాలన ఎవరిది?

జవాబు: మన కలెక్టరు వంటి, పైనుంచి నియమితుడైన అధికారి ఎవరూ ఉండరు. ముగ్గురు కమిషనర్లు నాలుగేళ్ల పదవీకాలానికి ఎన్నికవుతారు. శాసనాలు చేసేదీ, బడ్జెట్ ఆమోదించేదీ, దాన్ని అమలుచేసేదీ ఆ ముగ్గురే. వారి ఎన్నికలో ఒక విశేషముంది: ప్రాథమిక ఎన్నికలో ఆయా డివిజన్ల ఓటర్లు మాత్రమే ఓటు వేస్తారు, తుది ఎన్నికలో కౌంటీ మొత్తం వేస్తుంది. షెరీఫ్, ట్రెజరర్, ఆస్తుల విలువ కట్టే అసెసర్, ఎన్నికలూ రిజిస్ట్రేషన్లూ చూసే ఆడిటర్, ప్రాసిక్యూటర్ కూడా ప్రజలు ఎన్నుకున్నవారే కనుక వీరు కమిషనర్ల కింది ఉద్యోగులు కారు.

చిన్న కౌంటీ అని తీసిపారేయడానికి లేదు. పన్ను బకాయిల కింద స్వాధీనమైన, చెట్లు కొట్టేసిన భూములను 1920, 30 దశకాల్లో కౌంటీలు రాష్ట్రానికి అప్పగించాయి. రాష్ట్రం వాటిని ధర్మకర్తగా సాగుచేసి రాబడిని కౌంటీలకు ఇవ్వాలన్నది ఏర్పాటు. కలప ధర పడిపోయినప్పుడు, ఎక్కువకు పాడుకున్న కంపెనీలు ఒప్పందాల నుంచి తప్పుకునేలా 1982లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. స్కమేనియా కోర్టుకెక్కింది. ధర్మకర్త తన లబ్ధిదారుల సొమ్మును మూడోవారి మేలుకోసం వదులుకోరాదని 1984లో రాష్ట్ర సుప్రీంకోర్టు కౌంటీ పక్షాన తీర్పు ఇచ్చింది. నేటికీ ఆ రాష్ట్రంలో ప్రభుత్వ అడవుల మీద వాదన వస్తే ఈ తీర్పు ప్రస్తావన వస్తుంది.

ప్రశ్న: బిగ్‌ఫుట్‌ను చంపితే అక్కడ జైలుశిక్ష అని మా మనవడు అన్నాడు. నిజమేనా?

జవాబు: నిజమే. ఒళ్లంతా జుట్టుతో రెండు కాళ్ల మీద నడుస్తుందని చెప్పే ఆ అడవి జీవిని చంపితే ఐదేళ్ల వరకు జైలు, పదివేల డాలర్ల వరకు జరిమానా అని 1969 ఏప్రిల్ 1న కమిషనర్లు శాసనం చేశారు. తేదీ చూసి నవ్వుకున్నవారున్నారు; కానీ అది సక్రమంగా ఆమోదించి, పత్రికలో ప్రకటించిన శాసనమే. ఆ జీవిని వేటాడతామంటూ తుపాకులతో వచ్చేవారు పొరపాటున మనుషుల్నే కాల్చవచ్చన్న భయం దాని వెనుక ఉంది. అసలు చిక్కు శిక్ష దగ్గర వచ్చింది: అంత పెద్ద నేరాన్ని సృష్టించే అధికారం కౌంటీ కమిషనర్లకు ఉందా అన్న సందేహం తలెత్తింది. 1984లో శాసనాన్ని సవరించి, శిక్షను ఏడాది జైలు, వెయ్యి డాలర్ల జరిమానా స్థాయికి తగ్గించి, కౌంటీ మొత్తాన్ని బిగ్‌ఫుట్ శరణాలయంగా ప్రకటించారు.