బీఏ హిస్టరీ తర్వాత గ్రూప్స్ ఒక్కటేనా?

చిక్కు మీ డిగ్రీలో లేదు, వెతికే తీరులో ఉంది. అమలాపురంలో బీఏ చివరి ఏడాదిలో ఉండి, హిస్టరీ అని పేరున్న ఉద్యోగాలే చూస్తున్నానన్నారు. గ్రూప్స్‌కి ఏ డిగ్రీ అయినా చాలు. హిస్టరీ చదివినందుకు దొరికే దారులు చాలావరకు ఎంఏ తర్వాతే.

1. బడిలో సోషల్ చెప్పాలంటే బీఈడీ. డిగ్రీ కాలేజీకైతే ఎంఏ, నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష).

2. పాత రికార్డుల పని ఇష్టమైతే ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల ఏడాది డిప్లొమా ఉంది. ఆధునిక భారత చరిత్ర అక్కడ పనికొస్తుంది.

3. పురావస్తు శాఖ. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఎంఏ అయిపోయాక గ్రేటర్ నోయిడాలోని రెండేళ్ల ఆర్కియాలజీ డిప్లొమా అర్హత చూస్తారు. అక్కడ ప్రాచీన లేదా మధ్యయుగ చరిత్ర అడుగుతారు, వీళ్లేమో ఆధునికం చదివి ఉంటారు. నా మాట విని, ఎంఏ సీటు తీసుకునే ముందే ఆ అర్హత లైను చదవండి. స్పెషలైజేషన్ ఆ తర్వాతే ఎంచుకోండి.

ఏది మీ దారో తేలకపోతే, ఓ రోజు పొద్దున్నే ద్రాక్షారామం వెళ్లండి. భీమేశ్వరాలయంలో వందలాది శాసనాలున్నాయి. ఎండ పక్కవాటంగా పడుతున్నప్పుడు అరిగిన అక్షరం కూడా లేచి కనిపిస్తుంది. ఒక్క వరుస నోట్‌బుక్‌లోకి దించండి. గంట గడిచినా తెలియకపోతే, మీది మూడోదే.