‘ఇయర్ ఎండ్’ అంటే డిసెంబరా, మార్చా? – సమాధానం

సరుకు ‘ఇయర్ ఎండ్’కి పంపుతామని ఇంగ్లిష్‌లో రాస్తే అమెరికా బయ్యర్ జనవరిలోనే కోపంగా మెయిల్ పెట్టారని, తన గ్రామర్‌లో తప్పుందా అని భీమవరం రొయ్యల ఎగుమతిదారు ఒకరు అడిగారు. వారికి నా సమాధానం: తేడా వచ్చింది ‘ఇయర్ ఎండ్’ అన్న ఆ ఒక్క మాట దగ్గరేనండి. భీమవరంలో కూర్చుని “మిగతా రొయ్యల సరుకు ఇయర్ ఎండ్‌కి పంపుతాం” అని మీరు రాసినప్పుడు మీ మనసులో ఉన్నది మార్చి 31. అమెరికా బయ్యర్‌కి అర్థమైంది డిసెంబర్ 31. అందుకే జనవరిలోనే ఆ కోపం మెయిల్. మీ గ్రామర్‌లో తప్పేమీ లేదు, టెన్షన్ పడకండి.

1. మన లెక్కల సంవత్సరమైతే ‘ఫైనాన్షియల్ ఇయర్’ అని విడిగా చెప్పండి. వాళ్లు ‘ఫిస్కల్ ఇయర్’ అంటారు. కానీ అక్కడి ప్రభుత్వానిది సెప్టెంబర్ 30తో ముగుస్తుంది, కంపెనీలవి రకరకాలు. కాబట్టి పేరొక్కటే చాలదు.

2. తేదీ రాయండి. అందరూ వదిలేసేది ఇదే. రాసినవాళ్లు కూడా అంకెల్లో రాసి మళ్లీ ఇరుక్కుంటారు. 05/04 అంటే మనకు ఏప్రిల్ 5, అమెరికావాళ్లకు మే 4. నెల పేరు అక్షరాల్లో, సంవత్సరం నాలుగంకెల్లో ఉండాల్సిందే.

3. ‘బై’ అంటే ఆ రోజుకల్లా పని అయిపోవాలి. ‘అన్‌టిల్’ అంటే అప్పటిదాకా సాగుతూ ఉంటుంది. మీకు కావలసింది ‘బై’.

4. ‘షిప్ బై’ అంటే ఇక్కడ ఓడకెక్కే తేదీ. ‘డెలివర్ బై’ అంటే అక్కడికి చేరే తేదీ. మధ్యలో వారాల ప్రయాణం ఉంది, చూసి రాయండి.

ఈరోజే ఇలా పంపండి: “సారీ ఫర్ ద కన్‌ఫ్యూజన్. వి విల్ షిప్ ద బ్యాలెన్స్ క్వాంటిటీ బై 31 మార్చ్ 2026, ద ఎండ్ ఆఫ్ అవర్ ఫైనాన్షియల్ ఇయర్.”