చిన్న ట్రాక్టర్ లోడర్‌కు ఎంత బకెట్ సరిపోతుంది?

25-30 హెచ్‌పీ ట్రాక్టర్‌కు ముందు లోడర్ బిగిస్తూ, పేడా ఇసుకా రెండూ ఎత్తాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది బకెట్ సైజే. కానీ మొదట చూడాల్సింది లోడర్ ఎంత బరువు ఎత్తగలదన్నది.

కేటలాగ్‌లో ఆ లెక్క చాలాసార్లు బకెట్ తగిలించే పిన్నుల దగ్గరిది. సరుకు అంతకన్నా ముందుకు ఉంటుంది కాబట్టి నిజంగా లేచేది తక్కువ. అందులోంచి బకెట్ సొంత బరువూ తీసేయాలి. ఉదాహరణకు బకెట్ మధ్యలో 350 కిలోలు ఎత్తే లోడర్‌కు 80 కిలోల బకెట్ పెడితే మిగిలేది 270 కిలోలే. తడి ఇసుక ఘనమీటరు సుమారు 1,900 కిలోలు తూగుతుంది. అంటే 140 లీటర్లకే సరి! అదే బాగా మాగిన పశువుల ఎరువైతే 600 కిలోల లెక్కన 450 లీటర్ల దాకా ఎత్తొచ్చు.

కాబట్టి మీరు ఎత్తే వాటిలో అన్నిటికన్నా బరువైనదాన్ని బట్టే బకెట్ ఎంచుకోండి. ఇసుక ఎప్పుడో ఒకసారే అయితే కాస్త పెద్దది తీసుకుని, ఇసుకను మాత్రం లోడర్ ఎత్తగలిగే బరువు మేరకే నింపండి.

వెడల్పు మాత్రం టైర్ల బయటి అంచుల కంటే తగ్గకూడదు. తగ్గితే బకెట్ ఇంకా ఎత్తని మట్టి మీదికే చక్రాలు ఎక్కుతాయి. లోతు ఎక్కువున్న బకెట్ వద్దు, బరువును ఇంకా ముందుకు తోస్తుంది.

ఏ సైజైనా వెనక రోటవేటర్ లాంటి బరువు లేకుండా లోడర్ పని చేయొద్దు. వెనక చక్రాలు లేస్తే చాలా ప్రమాదం. లోడుతో కదిలేటప్పుడు బకెట్ కిందికే ఉంచండి.